అమ్మ పేరున ఇంకో బాప్తిస్మం

మా ఇంట్లో బైబిలు బాగా తెలిసినవాణ్ణి నేనేనని చాలాకాలం నమ్మాను. అలా నమ్మినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. తమ్ముడు మోర్మన్లనే అమెరికా శాఖలో కలిశాడని తెలియగానే, ఎవరూ అప్పగించకుండానే వాణ్ణి వెనక్కి తెచ్చే పని నెత్తిన వేసుకున్నాను. వారం రోజులు చదివి నోటుబుక్కు నింపాను. హన్మకొండలో మా ఇంటికి వాడు రాగానే మొదలుపెట్టాను: క్రిస్మస్ వద్దనడం ఏం న్యాయం, ప్రాణం పోతున్నా రక్తం ఎక్కించుకోవద్దనడం ఏం ధర్మం?

వాడు ఓపిగ్గా విన్నాడు. "అన్నా, మేం క్రిస్మస్ చేస్కుంటం. పోయిన నెలనే దవాఖానల రక్తమిచ్చి వచ్చిన. నువ్వు చదివింది వేరేటోళ్ల గురించి."

ఇద్దరిద్దరుగా ఇంటింటికీ తిరిగే వాళ్ళంతా ఒకటే అనుకున్నాను. నోటుబుక్కు మూసి దాని మీదే కూర్చున్నాను.

మా బాపు నవ్వలేదు. డోర్నకల్లో రైల్వే ఉద్యోగం, సంఘంలో పెద్దరికం, రెండూ నిమిషం తేడా రాకుండా నడిపిన మనిషి. "ఎందుకొచ్చినవో చెప్పురా" అన్నాడు.

వాడు, కాలం చేసిన మా అమ్మ పుట్టిన తేదీ అడిగాడు. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవడం మోర్మన్ల ఆచారం. అమ్మ పేరున వాళ్ళ ఆలయంలో ఒకామె నీళ్ళలో మునుగుతుందట. దానికి బాపు ఒప్పుకోవాలి, అది వాళ్ళ నియమమే.

బాపు తన పాత బైబిలు ఒళ్ళోకి తీసుకున్నాడు. అమ్మ తేదీ ఉన్నది దాని మొదటి పేజీలోనే.

"పసిగుడ్డుగున్నప్పుడే పాస్టరయ్య మీ అమ్మకు బాప్తిస్మమిచ్చిండు. దాన్ల ఏం తక్కువైంది?"

"తక్కువని కాదు బాపూ. అపొస్తలులు పోయినంక బాప్తిస్మమిచ్చే అధికారం భూమ్మీద లేకుండ పోయిందని, పందొమ్మిదో శతాబ్దంల ఒక ప్రవక్త చేతికి మల్ల వచ్చిందని మేం నమ్ముతం."

"అంటే నడుమ గిన్ని వందల ఏండ్లు దేవుడు ఒక్క బండికి గూడ సిగ్నల్ ఇయ్యలేదా?"

మాకు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడు. వాళ్ళకు ఒకే సంకల్పంతో ఉన్న ముగ్గురు, విడివిడిగా. మాకు బైబిలు ఒక్కటే, వాళ్ళకు దాని పక్కన ఇంకో గ్రంథం. వీటి మీద రాత్రీపగలూ వాదించుకోవచ్చు. అమ్మ మీద ఎలా వాదించుకోవాలో ముగ్గురికీ తెలియలేదు.

తమ్ముడు బాపు పక్కకు జరిగాడు. "ఆమెను బలవంతం చేసుడు లేదు బాపూ. ఆ లోకంల ఆమె ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. నేను పోయినంక అమ్మ దగ్గర్నే ఉండాలె. గంతే."

బాపు వేళ్ళు బైబిలు అట్ట మీద బిగుసుకున్నాయి. వాణ్ణి ఇంట్లోంచి పొమ్మంటాడేమోనని నేను సగం లేచాను.

"నీకంటే ముందు నేనే పోత కద" అన్నాడు చివరికి, మెల్లగా. "పోయి నేనే అడుగుత. అప్పటిదాంక ఆమె పేరు రాయకు."

తమ్ముడు తలూపి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

నా పరువు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. అందుకే ఈసారి సరిగ్గా కనుక్కున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ళకు ఉపవాసం. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మటన్ వండించి తమ్ముణ్ణి పిలిచాను. వచ్చాడు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూలుగ బొక్క తీరిగ్గా పీల్చాను.