స్టీలు డబ్బాలో బెల్లం ఉండలు

ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని, బస్సు బోర్డు ఎవరినీ అడగకుండా నేనే చదువుకుని ఎక్కడం మొదలుపెట్టిన కొత్తలో, కళ్యాణదుర్గం బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. నాకంటే కాస్త చిన్నదేమో, తల సగం నెరిసింది. ఒళ్లో స్టీలు డబ్బా తెరిచి వేరుశనగ ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది.

పెళ్లిళ్లకు తీపి వండి బతికినదాన్ని, ఊరికే తినలేను. మా చిన్నతనంలో పెళ్లి తీపంటే బెల్లం పాకంతో చేసేదే. తర్వాత చక్కెర వచ్చింది, జనం లడ్డూలు, మైసూర్‌పాకులు అడిగారు, నేనూ నేర్చుకున్నాను. బెల్లంలో శొంఠి కలిపే పద్ధతి అందరూ మరిచిపోయారు. అది ఈ ఉండలో తగిలింది.

"పాకం ఏ పదునులో దించినావమ్మా?" అని అడిగాను.

"నాకేం తెలుసక్కా. మాయమ్మ చేసిచ్చింది. పోయినప్పుడల్లా డబ్బా నింపి పంపిస్తాది."

"తల నెరిసినా నేర్చుకోలేదా?"

"మాయమ్మ ఉండాది గదక్కా," అని నవ్వింది.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఊరందరికీ ఉండలు చుట్టాను గానీ, నాకోసమని ఒక్కటి చుట్టినవాళ్లు లేరు. ఈమెకు పాకం పట్టడం తెలియదు, తెలియాల్సిన అవసరమే రాలేదు. నాకు కడుపు మండింది. పాకం బాగానే కుదిరింది, అదీ ఒక మంట.

"పాకం ముదిరింది. పండ్లు ఊడిపోతాయి," అన్నాను.

ఆమెకు కోపం రాలేదు.

"అట్లనా అక్కా? మాయమ్మకు చెప్తాలే, ఈసారి మెత్తగా చేస్తాది," అంది.