ఆకుపచ్చ చుక్క

ఆఫీసులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. ఏ యాప్ చేతికిచ్చినా తడివేలితో నొక్కి చూస్తుంది, పని సగంలో ఉండగా ఫోన్ ఆపేస్తుంది, తప్పు దొరికేదాకా మంచినీళ్లైనా ముట్టదు. కొత్త మెసేజింగ్ యాప్‌ను పరీక్షించడానికి ఉత్తుత్తి ఖాతా ఒకటి కావాల్సొస్తే, చనిపోయిన చెల్లెలి పేరు, ఫోటో పెట్టింది. నిన్న ఖాతా తొలగించే బటన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాల్సి వచ్చింది. పంటి బిగువున నొక్కింది. చెల్లెలు మాయమైంది.

ఇవాళ పొద్దున తెరిస్తే మళ్లీ అదే ఫోటో, పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు ఆకుపచ్చ చుక్క. "ఇంకా పోలేదటే నువ్వు?" అని గొణిగింది.

"తప్పులేమైనా దొరికాయా అండీ?" వెనకనుంచి మేనేజర్ అడిగాడు.

చెబితే సాయంత్రానికల్లా సరిచేసేస్తారు.

"ఒక్కటీ లేదండీ" అంది, ఫోన్‌ను అరచేత్తో కప్పేస్తూ.