మూలల పసుపు

పోర్టు రోడ్డులో ముందూ వెనకా బొగ్గు లారీలే. దుమ్ము పడుతుందని కిటికీలన్నీ మూసేసిన బస్సులో గంట నుంచి ఉడికిపోతున్నాం. పక్క సీటులోని ముసలమ్మ ఒళ్లో ప్లాస్టిక్ కవరు, నిండా పాత పోస్టు కార్డులు. దాదాపు అన్నింటికీ నాలుగు మూలలా పసుపు.

"అన్నీ పెళ్లి కబుర్లేనా మామ్మా?" అన్నాను.

"కాదమ్మా. మా అయ్య ఈ పోర్టులోనే బొగ్గు మోసీవోడు. ఊరికి రాసినవి."

ఆ రోజుల్లో భార్యకు విడిగా రాస్తే తప్పు కాబట్టి, అన్నీ తన తండ్రి పేరునే రాసేవాడట. ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని చదువుకునేవాడు. కోడలు అరుగు మీదికి రాకూడదు, ఏం రాశాడని అడగకూడదు. తలుపు సందులోంచి చూసేది.

"ఓపాలి కార్డు మూలన మసి అంటుకొచ్చింది. మూలన నలుపుంటే సావు కబురే కదా! అయ్య పోయాడనుకుని మా అమ్మ గాజులు పగలగొట్టేసుకుంది. తీరా సూస్తే అది అయ్య సేతి బొగ్గు!"

ఆ తర్వాత ఆయన వాన గురించి రాసినా, కూరల గురించి రాసినా, మూలలకి పసుపు పూసే పంపాడు.

"లోపల ఏటి రాసాడో మా అమ్మకి ఎవులూ సెప్పీవోరు కాదు. పసుపు సూసుకుని పొయ్యి కాడికి ఎల్లిపోయీది."

బస్సు ఇంకా కదల్లేదు.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగగానే మా ఆయన ఫోన్‌లో ఒక్క పసుపుపచ్చ నవ్వు బొమ్మ పంపుతాడు. రెండు ముక్కలు రాయడానికి ఏం బద్ధకమని రోజూ దెప్పేదాన్ని. ఆ బస్సు దిగినప్పటి నుంచి దెప్పడం లేదు. అది వచ్చాకే పొయ్యి వెలిగిస్తున్నాను.