కొమ్ముకు కట్టిన జుట్టు

గల్ఫ్‌లోని మత్రా బజారులో ఖంజర్ బాకుల పిడులు బాగుచేసే ముసలాయన నేనిచ్చిన కొమ్మును ఒళ్లో పెట్టుకుని, పగులు చుట్టూ ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టగానే వెంట్రుకలు కాలినట్టుండే ఒక వాసన లేచి, చిన్నప్పుడు హమ్రియా పేటలో మేమున్న పాత బిల్డింగు మూడో అంతస్తుకు నన్ను తీసుకుపోయింది.

ఏసీలు కార్చే నీళ్లతో ఎండాకాలమంతా తడిగా ఉండే అక్కడి వరండాలో మేం ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. కింది దుకాణంలో వేగే సమోసాల వాసన, ఎదురు మేడ మీద ఎండేసిన చేపల వాసన, తంగేడు దొరకని ఆ ఊళ్లో కాగితప్పూలతో పేర్చిన బతుకమ్మ ముందు అమ్మ పంచే బెల్లం మలీద ముద్దల వాసన అన్నీ అక్కడే కలిసేవి. పక్క రూమ్‌లో చుబా ఉండేవాడు. నాగాలాండ్ కొండల నుంచి వచ్చి, నాన్న ఫోర్‌మన్‌గా ఉన్న సైట్‌లోనే కార్పెంటర్‌గా చేసేవాడు. అతని మంచం పైన గోడకు ఒక దున్నకొమ్ము వేలాడేది. వాళ్ల తాత వేటకు పోయేటప్పుడు తుపాకి మందు పోసుకుని భుజాన తగిలించుకున్న కొమ్ము అది. దాని మొనకు ఎర్రరంగు వేసిన మేక వెంట్రుకల కుచ్చు, ఆ కుచ్చు నడుమ ఒక నల్లని పాయ.

ఆ పాయవి మనిషి వెంట్రుకలని కనిపెట్టింది అమ్మే.

"ఇంట్ల ఎంటికెలు ఏలాడేస్తే శని పడ్తది తమ్మీ, తీసి అవుతల పారెయ్."

చుబా తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. వెనకటికైతే అక్కడ శత్రువు జుట్టు కట్టేవాళ్లట. ఇది మాత్రం అతని చెల్లెలిది. కొండచరియ విరిగి దారి మూసుకుపోయిన వానాకాలంలో జ్వరంతో పోయింది, నా ఈడుదే. ఆ పాయ కోసి తాతే కట్టాడు. గల్ఫ్‌కు పోయే కొడుక్కి తోడుంటుందని తల్లి ఆ కొమ్ము ఇచ్చి పంపింది. తిరిగొచ్చేటప్పుడు పిల్లను ఇల్లు చేర్చాలని మాట తీసుకుంది.

ఆ శుక్రవారం అమ్మ నా తలకు కొబ్బరినూనె పెట్టి జడ వేశాక, చెయ్యి తుడుచుకోకుండానే పక్క రూమ్‌కు వెళ్లి ఆ పాయకూ రాసింది. కుచ్చులోని ఎరుపు వేళ్లకు అంటితే, "నీ చెల్లె నాకు గోరింట పెట్టింది" అంది. చుబా నవ్వాడు. తర్వాత ప్రతి శుక్రవారం అదే వరస.

ఆ ఏడు చలి మొదలవుతుండగా సైట్‌లో పరంజా విరిగి చుబా పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. శవపేటికతో పాటు కొమ్మునూ పంపబోతే, లోపల ఇంకా తుపాకి మందు వాసన ఉందని కార్గోవాళ్లు తిప్పి పంపారు. అమ్మ కడిగి, ఎండబెట్టి మళ్లీ పంపింది; మళ్లీ వెనక్కే వచ్చింది. చివరికి కుచ్చు ముడి విప్పి, నల్లపాయను వేరుచేసి, నూనె రాసి సన్నగా జడ అల్లి, నా రిబ్బన్ ముక్క కట్టి నాన్న చేతిలో పెట్టింది.

"ఆని జేబుల పెట్టు. పిల్ల ఇల్లు ముట్టాలె."

నాన్న వెళ్లేసరికే పేటికకు మేకులు కొట్టేశారట. అక్కడున్న చుబా ఊరివాడి చేతికి ఇచ్చి వచ్చాడు. అతను షినాస్ అనే ఊళ్లో ఏదో పనికి పోయాడని తర్వాత విన్నాం. ఊరికి ఎప్పుడు వెళ్లాడో, అసలు వెళ్లాడో లేదో తెలియలేదు. నా జడకు ఆఖరి ముడి వేస్తూ అమ్మ ప్రతిసారీ "ముట్టిందో, లేదో" అనేది. నా జడ నేనే వేసుకోవడం వచ్చేదాకా ఆ మాట విన్నాను.

ఇప్పుడు ఆ బిల్డింగు లేదు, అమ్మ లేదు. ఎర్ర కుచ్చును పురుగు తినేసింది. పగులు పూడ్చి, కొమ్మును నూనెగుడ్డతో తుడిచిన ముసలాయన మొన దగ్గరి రంధ్రాన్ని వేలితో తడిమి, వెండి గొలుసు వేయనా అని అడిగాడు. వద్దన్నాను. మరి ఇక్కడుండేది ఏమైందన్నాడు.

దారిలో ఉందన్నాను.