మా అమ్మ ముక్కు, ఊరవతలి పూలతోట

అమ్మకు వాసన తెలియకుండా పోయి రెండేళ్లు కావస్తుంటే, ఆమెను పూలతోట చూపించడానికి తీసుకుపోయిన తెలివిగలదాన్ని నేనే. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ ఆలోచన రాలేదు. నాకూ రాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆ మధ్యాహ్నం చాలాసేపు అనుకున్నాను.

మాది అనంతపురంలో పూలంగడి. దర్గాకు పూల చాదరు కావాలన్నా, గుడికి గజమాల కావాలన్నా, పెళ్లికూతురికి పూలజడ కావాలన్నా మా దగ్గరికే వచ్చేవాళ్లు. నాయన పోయాక అంగడి నడిపింది అమ్మే. నేను చదువుకుని టీచరు ఉద్యోగం తెచ్చుకుని బయటపడ్డాను. తమ్ముడు అంగట్లో కూర్చున్నాడు. కూర్చోవడం, కట్టడం, అమ్మడం వాడి పని. కొనడం మాత్రం అమ్మ పని. మార్కెట్లో గంపలు దిగీ దిగగానే పోయి, పైపూలు చూడకుండా, చెయ్యి గంప అడుగుదాకా దూర్చి గుప్పెడు మల్లెలు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. నిన్న మిగిలిన పూలను ఐసుపెట్టెలో ఉంచి, పొద్దున నీళ్లు చల్లి, తాజాపూల కింద కలిపేసేవాళ్లు ఉంటారు. కంటికి తేడా తెలియదు. చేతికీ తెలియదు. వాసనలో మాత్రం సన్నగా ఒక పులుపు తగులుతుందట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నాకు ఏనాడూ తగల్లేదు. అమ్మ మాత్రం గుప్పెడు పూలూ గంపలో పడేసి, "ఇవి నిన్నటివి. ముక్కు లేనోళ్లు ఎవరన్నా వస్తే అమ్ముకోప్పా" అని ముందుకు నడిచేది. మార్కెట్లో ఎంత గట్టి నోరున్నవాడైనా ఆ మాటకు ఎదురుచెప్పేవాడు కాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అమ్మకూ వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. మొదట్లో మేం నవ్వుకున్నాం కూడా. పాలు మాడి ఇల్లంతా కమురు వాసన నిండితే, ఆమె పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని కనకాంబరాలు కడుతూ ఉండేది. పాచిపోయిన పప్పును "బాగుండాది" అని తినేసేది. ఎన్నాళ్లుంటుందిలే, పది రోజుల్లో అదే వస్తుందని అందరం అనుకున్నాం.

ఒక పెళ్లితో ఆ నవ్వు ఆగిపోయింది. పూలజడకు మల్లెలు కొనడానికి అమ్మ ఎప్పటిలాగే పోయింది, ఎప్పటిలాగే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. తెలియలేదని పదిమందిలో చెప్పుకోవడానికి నామోషీ. తల ఊపి కొనేసింది. ముహూర్తం వేళకు జడంతా ఎరుపు తిరిగిపోయింది. పెళ్లికూతురి తండ్రి ఆ జడను తెచ్చి అంగడి ముందు విసిరికొట్టాడు. "ఏం పెద్దమ్మా, మా పాప పెండ్లికి కుళ్లుపూలే దొరికినాయా నీకు?" అని బజారంతా వినేలా అరిచాడు. ఆయన పోయాక తమ్ముడు, "ఎండకు వాడినాయిలేమ్మా, నీ తప్పు కాదు" అన్నాడు. నేనూ అదే అన్నాను. ఇద్దరమూ అబద్ధం చెప్తున్నామని అమ్మకు తెలుసు. ఆ రోజు నుంచి ఆమె మార్కెట్టుకు పోవడం మానేసింది. మేం చెప్పేవి నమ్మడమూ మానేసింది.

డాక్టరు ధైర్యమేమీ చెప్పలేదు. రోజూ లవంగాలు, నిమ్మతొక్క, యూకలిప్టస్ నూనె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమన్నాడు. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు. అమ్మ ఒక నెల చూసి, అవన్నీ ఒక డబ్బాలో వేసి అల్మారా పైకి ఎక్కించింది. ఈలోపు తమ్ముడు మార్కెట్లో వారానికి రెండుసార్లు మోసపోవడం, పెళ్లి ఆర్డర్లు పక్క అంగడికి పోవడం మొదలైంది. ఒకరోజు అమ్మే అంది, "ఉగాదికి అంగడి ఇచ్చేద్దాం. ఆ సెల్‌ఫోన్లాయప్ప అడుగుతానే ఉండాడు" అని. మర్నాడు స్కూల్లో ఏ తప్పూ చేయని పిల్లల మీద పొద్దంతా అరిచాను.

అప్పుడే రాప్తాడు దాటాక హైవే పక్కన పెద్ద పూలతోట తెరిచారు. ఊళ్లో ఏ ఆటో వెనక చూసినా దాని బొమ్మే. నాకు తట్టిన లెక్క ఒకటే. గుప్పెడు పూలకు రాని వాసన, ఎకరాలకు ఎకరాల పూల మధ్య నిలబడితే రాకుండా ఎక్కడికి పోతుంది? నేను సైన్సు టీచర్ని. అయినా అంతకు మించి ఒక్క అడుగు ఆలోచించలేదు.

"పూలు సూసేకి టికెట్టా? పూలు అమ్మేటోళ్లకు గూడానా?" అని అమ్మ రెండు రోజులు సాగదీసింది. ఎందుకు తీసుకుపోతున్నానో నేను చెప్పలేదు. "ఊరికే, ఆదివారం కదా" అన్నాను. కానీ ఆటో దిగేముందు ఆమె అటు తిరిగి, కొంగుతో రెండుసార్లు గట్టిగా ముక్కు చీదుకోవడం చూశాను. నాకంటే ఆమెకే ఎక్కువ ఆశ ఉందని అప్పుడు తెలిసింది. తెలిశాక భయమేసింది.

ఫిబ్రవరి ఇంకా పోలేదు, ఎండ మాత్రం అప్పుడే మాడు మీదికి వచ్చేసింది. గేటు దాటగానే పూలు. చుట్టుపక్కల ఎర్రనేల, పీకేసిన వేరుశనగ చేలు, గుట్టలు తప్ప ఇంకేమీ లేని చోట, ఎటు చూసినా ఎరుపూ ఊదా తెలుపూ. పూలకుండీలతో కట్టిన ఏనుగు, నెమలి, ఒక పెద్ద గడియారం. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకు కడుపు నిండిపోయింది. మన ఊళ్లో ఇన్ని పూలు పూశాయా అని ఒక్క నిమిషం వచ్చిన పనే మర్చిపోయాను.

అమ్మ మాత్రం అంగడి కళ్లతోనే చూసింది. "ఇదేం పువ్వుమే? గట్టి కాడ యాడుండాది దీనికి? దండ ఎట్ల కడ్తారు?" అని ఒకదాన్ని పట్టుకోబోయింది. వెంటనే విజిల్ మోగింది. గార్డు పరుగున వచ్చాడు.

"పూలు ముట్టుకోగూడదు పెద్దమ్మా."

"ముట్టుకోకుంటే పూలేంటికప్పా?"

"సూసేకి."

అమ్మ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, చేతులు వెనక్కి కట్టుకుంది. అలాగే మొదటి మడి మీదికి వంగింది. కళ్లు మూసుకుని లోపలికంటా పీల్చింది. లేచి, "రాలే" అంది. రెండో మడి దగ్గరా అంతే. మూడో మడి, నాలుగో మడి. ఐదో మడి దగ్గర ఆ మాట కూడా అనలేదు. ఆమె ముఖం చూడలేక నేనూ పక్కన వంగి ఒక ఊదారంగు పువ్వు వాసన చూశాను. ఏమీ లేదు. ఎర్రది చూశాను, తెల్లది చూశాను. పచ్చి ఆకు వాసన కూడా సరిగ్గా రావడం లేదు. అప్పుడు వెలిగింది నాకు. అవన్నీ కంటికోసం పెంచిన పూలు. పెటూనియాలు, బిళ్ల గన్నేర్లు, కోడిజుట్టు పూలు. ఒక్క మల్లె లేదు, బంతి లేదు, చామంతి లేదు. ఊళ్లో మూరల లెక్కన దొరికే పూలకు ఎవరు టికెట్టు కొంటారని వదిలేసినట్టున్నారు. వాసన పోయిన మనిషిని వాసన లేని తోటకు తెచ్చాను. పైగా సైన్సు టీచర్ని!

"అమ్మా, వీటికి వాసనే లేదే" అన్నాను.

"గమ్మునుండు. నువ్వూ నీ తమ్ముడూ ఎప్పుడూ ఇంతే."

"ఒట్టు. నాకూ రావడంలే. కావాలంటే ఎవర్నన్నా అడుగు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. పక్కనే ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో తన ఫొటో తనే తీసుకుంటోంది. అమ్మ నేరుగా ఆమె దగ్గరికి పోయింది. "పాపా, కొంచెం ఈ పూలు వాసన సూసి సెప్పు తల్లీ. వస్తాండాదా?" ఆ పిల్ల పాపం మంచి పిల్లే. పెద్దావిడ అంత ఆశగా అడిగితే లేదని ఎలా చెప్తుంది? వంగి, ఫొటోకు వంగినట్టే అందంగా వంగి, "అబ్బ, సూపర్ ఉండాది ఆంటీ! ఘుమఘుమలాడతాండాది" అంది.

నాకు ఆ పిల్ల రెండు భుజాలూ పట్టి కుదపాలనిపించింది. "నిజంగా వస్తోందా? సరిగ్గా చూసి చెప్పమ్మా" అన్నాను కాస్త గట్టిగానే. ఆమె బెదిరిపోయి, "లైట్‌గా... వస్తాంది అక్కా" అని ఫోను సంచిలో వేసుకుని జారుకుంది. తిరిగి చూస్తే అమ్మ అక్కడ లేదు. దారి పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది.

పోయి పక్కన కూర్చున్నాను. ఆమె కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది. తర్వాత, "ఉగాది దాకా ఏంటికి? రేపే ఇచ్చేయమను నీ తమ్మునికి" అంది. "అల్లా నాకు సదువియ్యలే, పొలమియ్యలే. ఈ ముక్కొకటి ఇచ్చినాడు. దాంతో మిమ్మల్ని సాకినా. అదీ తీసుకున్నాడు. సాలు, ఇంగ." కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాయన పోయినప్పుడు కూడా ఆమె మా ముందు ఏడవలేదు. నాకు ఏడుపుకు ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. తోట పెట్టినవాళ్ల మీద, ఆ పిల్ల మీద, అందరికంటే ఎక్కువగా నా మీద నాకు కోపం వచ్చింది. ఏం చెప్పినా అబద్ధం కిందే లెక్క కాబట్టి, నోరు మూసుకుని కూర్చున్నాను.

కొంగులోంచే అమ్మ గొంతు వినిపించింది.

"ఏందిమే ఈ గబ్బు?"

నన్నే ఏదో అంటోందనుకున్నాను. "ఏం గబ్బమ్మా?"

"గబ్బు! సబ్బునీళ్లు నిలవబడి కుళ్లితే వస్తాది సూడు, అట్ల. యాడిది?"

నేను రెండుసార్లు గాలి పీల్చాను. వేడిగాలి తప్ప ఏమీ లేదు. లేని వాసనలు ఉన్నట్టు అనిపించడం కొందరికి మొదలవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. అది కూడా ఇప్పుడే రావాలా అనుకున్నాను. అమ్మ కొంగు తీసేసింది. తడి ముఖంతోనే తల అటూ ఇటూ తిప్పి, ఏనుగు బొమ్మ అవతలికి వేలు చూపించింది. "ఆ మూల నుంచి. ఆడ నుంచే వస్తాండాది."

ఆమె చూపించిన వైపు, ప్రహరీ దగ్గర చివరి మడుల్లో, నీళ్లు చిమ్మే గొట్టాలు అప్పుడే తిరగడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే పక్క వరుస మొదలైంది, దాని పక్క వరుస మొదలైంది. గాలి మా వైపు మళ్లింది. అప్పుడు కొట్టింది నాకు. అబ్బబ్బ! మురిక్కాలువ మూత తీసి ముఖాన కుమ్మరించినట్టు! సబ్బునీళ్లే, కుళ్లినవే, అమ్మ చెప్పింది చెప్పినట్టే. తోటలో జనమంతా చేతులు, చున్నీలు, రుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకుని గేటు వైపు పరుగందుకున్నారు. 'ఘుమఘుమ' అన్న పిల్ల అందరికంటే ముందుంది.

నేను లేవలేదు. అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను. "అమ్మా, నాకన్నా ముందు నీకు తెలిసింది! ఇంకా నా దాకా రానేలేదు, నీకు తెలిసింది!" అని అరుస్తున్నాను, ఏడుస్తున్నాను, ఆ గబ్బుకు మధ్యలో ఓకరిస్తున్నాను. అమ్మ చెయ్యి విడిపించుకుంది. "ఉండుమే, అరవగాకు. సబ్బొకటి, కుళ్లొకటి... ఇంగోటేదో ఉండాది." కళ్లు మూసుకుని మళ్లీ పీల్చింది. "కిరసనాయిలా? ఆఁ, కిరసనాయిలు లాంటిదే. కొంచెమే ఉండాది."

ఇందాకటి గార్డే ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు. "లేసి అట్ల పోండి పెద్దమ్మా. ఈడ బోర్లు యాడ పడ్తాయి? టౌన్లో మురికినీళ్లు శుద్ధి చేసి తెచ్చి తోటకు కొడ్తారు. ఈపొద్దు సరిగ్గా శుద్ధి కాలేదేమో. ఐదు నిమిషాల్లో పోతాదిలే."

అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఐదు నిమిషాలేనా? ఇంగొంచేపు కొట్టరాదాప్పా?"

అతను ఆమెను చూశాడు, ఏడుస్తున్న నన్ను చూశాడు. మా ఇద్దరికీ ఏదో తేడా ఉందనుకున్నాడో ఏమో, రుమాలు ఇంకాస్త బిగించుకుని వెళ్లిపోయాడు. ఖాళీ అయిన తోటలో మేమిద్దరమే మిగిలాం. గబ్బు మెల్లగా పలచబడింది. నాకు పోయిందని చెప్తే, "ఇంగా ఉండాది" అంది అమ్మ. మరికాసేపటికి, "ఇప్పుడు పోయింది" అని లేచి నిలబడి చీర దులుపుకుంది.

"నీ తమ్మునికి ఫోన్ చెయ్. అంగడి ఇచ్చేది లేదని సెప్పు."

"తొందరపడొద్దమ్మా. మంచి వాసనలు కూడా వస్తాయో రావో, ఇంకా తెలియదు కదా" అన్నాను.

"మంచి వాసన ఎవురికైనా తెలుస్తాది" అంది అమ్మ. "అంగడికి కావాల్సింది కుళ్లు తెలియడంమే." నా చేతిలోంచి ఫోను లాక్కుని, తమ్ముడికి తనే చేసింది.