సాక్ష్యం చెప్పాక గోలీ ఎలా మింగాలి?

ఆ రోజు క్లాసులో ఏదో తేడాగా ఉందని నాకు తప్ప అందరికీ తెలిసింది. నేను క్యాంపస్‌లో ఎకనామిక్స్ చెబుతాను. బోర్డు దగ్గర నిలబడి, చీర కొంగు నలుపుకుంటూ కాసేపు ఎటో చూస్తూ ఉండిపోయానట. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, "మేడం, ఏమైంది? పిలుస్తుంటే పలుకుతలేరు" అంది. చేతిలోకి డస్టర్ ఎప్పుడొచ్చిందో కూడా నాకు గుర్తు లేదు. నా పాఠాలకు పిల్లలు అలా శూన్యంలోకి చూడటం మామూలే. నేను చూడటం అదే మొదలు.

కొన్నాళ్లకు తార్నాక బస్టాపులో పడిపోయాను. కళ్లు తెరిచేసరికి చుట్టూ మనుషులు, నోట్లో రక్తం రుచి. నా జబ్బుకు ప్రత్యక్ష సాక్షులు బస్టాపంతా ఉన్నారు. చూడనిది నేనొక్కదాన్నే. అంతవరకూ ఫిట్‌గా ఉన్నాననుకున్నాను. ఫిట్స్ అని తేలింది.

ఆసుపత్రిలో తలకు జిగురు రాసి, వైర్లు అంటించి ఈఈజీ తీశారు. ఎంఆర్ఐ గొట్టంలో పడుకుని ఒక కీర్తన తలచుకుందామనుకుంటే, ఆ మోతకు మొదటి మాటే గుర్తు రాలేదు. న్యూరాలజిస్టు రిపోర్టులు చూసి, "ఎంఆర్ఐ నార్మల్. ఈఈజీలో డిశ్చార్జెస్, అంటే మెదడు కరెంటులో తేడాలు, ఉన్నాయి. ఎపిలెప్సీ అమ్మా. పొద్దున ఒక టాబ్లెట్, రాత్రి ఒకటి. బాగున్నానని మీ అంతట మీరు ఆపొద్దు" అన్నారు.

మొదట్లో గోలీలకు మత్తు, చిరాకు. అత్తమ్మ ఏమడిగినా కసురుకునేదాన్ని. పొరుగువాళ్లను ప్రేమించమన్నాడు ప్రభువు. ఒకే ఇంట్లో ఉండే అత్తమ్మ పొరుగు కిందికి రాదులే అని సర్దుకున్నాను. నెలలు గడిచాయి. ఫిట్స్ మళ్లీ రాలేదు.

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్య సాక్ష్యాలకు సమయం ఇస్తారు. మేలు పొందినవాళ్లు లేచి చెప్పాలి. అత్తమ్మ నా మోచేయి పొడిచి, "లెవ్వు బిడ్డా. దేవుడు చేసిన మేలు దాచుకుంటరా?" అంది. లేచి, "ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేసిండు" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. మందుల సంగతి నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

బయటికొచ్చాక, లాలాపేట్ నుంచి వచ్చే దీనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూతురికీ ఫిట్సే. "అక్కా, నీకు మందులు బందయినయా? మా బిడ్డకు సుత ఆపాల్నా?"

"ప్రార్థన చేద్దాం" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆమె తలూపి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున గోలీ అరచేతిలో పెట్టుకుని అయోమయంలో పడ్డాను. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని సండే స్కూలు నుంచీ నేర్చుకున్నదాన్ని. బాగయ్యానని సంఘం ముందు చెప్పాక, మరి ఈ గోలీ ఎవరికి? మింగితే నిన్నటి మాట అబద్ధం. మింగకపోతే డాక్టరు మాట పెడచెవిని పెట్టినట్టు. డాక్టరుకు నేనేమీ సాక్ష్యం చెప్పలేదు కదా అనిపించింది. గోలీలు ఆపేశాను.

మాట నిలబడింది, నేను పడిపోయాను. డిపార్ట్‌మెంటు మెట్ల మీద. కుడి భుజం కీలు తప్పింది.

ఎమర్జెన్సీకి అదే డాక్టరు వచ్చారు. "డోసులు మిస్సయ్యారా?" అని అడిగితే సాక్ష్యం కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "మందులతో ఫిట్స్ కంట్రోల్‌లో ఉండేవి, అది నిజమే. కంట్రోల్ వేరు, క్యూర్ వేరమ్మా. మీరు రెండోది చెప్పేశారు."

అప్పుడు గుర్తొచ్చింది దీనమ్మ. అత్తమ్మతో ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించాను.

"దీనమ్మా, పాపకు మందు ఇస్తున్నవా?"

"ఇస్తున్న అక్కా. సీసా ఒడిసినంక బంద్ చేద్దామనుకున్న. సగమున్నది."

"ఆపకు. నేను ఆపి ఆసుపత్రిల పడ్డ."

"మరి మొత్తం తక్కువైందంటివి గద అక్కా?"

"అది ఆదివారం అందరి ముందట చెప్తా."

అత్తమ్మ ఫోన్ పెట్టేసి, "మల్ల లేస్తవా? నవ్వుతరు" అంది.

"నవ్వనీ అత్తమ్మా. ఆ పాప పడిపోతే ఎవరు నవ్వుతరు?"

ఆమె నా దుప్పటి సర్దింది.

ఆదివారం కుడి చెయ్యి స్లింగ్‌లో, ఎడమ చేతిలో గోలీల స్ట్రిప్. లేచాను. "పోయినసారి ఇది చూపియ్యలే. ఇది ఏసుకుంటే బాగున్న, ఆపితే పడ్డ. ఇది సుత దేవుడిచ్చిందే అనుకుంటున్న. ఎవ్వరు ఆపకుండ్రి."

హల్లెలూయ రాలేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. అప్పుడు పక్కన అత్తమ్మ మెల్లగా లేచింది.

"నాకు బీపీ మొత్తం పోయిందని మీకు అప్పట్ల సాక్ష్యం చెప్పిన. గోలీలు బియ్యం డబ్బాల దాచి ఏసుకుంటున్న" అని, అంతే మెల్లగా కూర్చుంది.

వెనక నుంచి దీనమ్మ ఒక్కతే హల్లెలూయ అంది.

ఇప్పుడు మా ఇద్దరి గోలీలూ భోజనాల బల్ల మీదే ఉంటాయి. నాకు మళ్లీ ఫిట్ రాలేదు. శూన్యంలోకి చూసే పని తిరిగి పిల్లలకే అప్పగించాను. దేవుడి పని ఎంతవరకో, డాక్టరు పని ఎక్కడి నుంచో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అందుకని అన్నానికి చేసినట్టే గోలీకీ స్తోత్రం చెబుతున్నాం. అత్తమ్మ ప్రార్థన పొడుగు. అది ముగిసేలోపు అరచేతిలో గోలీ చెమ్మగిల్లుతుంది.

మీరెప్పుడైనా బాగయ్యామని నలుగురిలో చెప్పడానికి లేస్తే, వేసుకుంటున్న మందు సంగతి కూడా చెప్పి కూర్చోండి. వినేవాళ్లలో, ఇంట్లో సీసా సగమే మిగిలిన తల్లి ఉండొచ్చు.