కళ్ళు తెరిచిన కాపీ

పోయినవాళ్ళు మన మధ్యే ఉంటారని చెప్పేవాళ్ళని నేను నమ్మను. వాళ్ళ ఫైళ్ళు మాత్రం ఉంటాయి. మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపే అక్కకి (వీధి మొత్తానికీ ఆవిడ అక్కే) తమ్ముడు వదిలివెళ్ళింది పై గదిలో ఒక కంప్యూటరు.

తమ్ముడి పని ముఖాలు దిద్దడం. ఫొటోలో ఎవరైనా రెప్ప వేసి దొరికిపోతే, వేరే ఫొటోలోంచి కళ్ళు తెచ్చి అతికించేవాడు. ఆ అతుకుని కన్నతల్లులు కూడా పట్టుకోలేకపోయేవాళ్ళు. వాళ్ళమ్మది ఇంట్లో ఒక్కటే ఫొటో, అందులోనూ కళ్ళు మూసుకుని ఉంది. దాన్ని దిద్దేశానని, ఆదివారం చూపిస్తానని అన్నాడు. ఆ ఆదివారానికి అతనే లేడు. ఏడాదిపాటు అక్క ఆ మెట్లెక్కలేదు.

కింది రెండు కంప్యూటర్ల మధ్యా పెన్‌డ్రైవులే తిరిగాయి. చివరికి ఎవరిదో ఆల్బం దిద్దని ఫొటోలతోనే ప్రింటుకి వెళ్ళిపోయింది. అప్పుడు వరసకి బావ అయ్యే మెకానిక్‌ని పిలిచింది.

"మూడు కంప్యూటర్లలోనూ ఒకే ఫోల్డరు ఉండేట్టు చేస్తా మరదలా. రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకటి చకచకా పాతదాని మీద కొత్తది వేసేసి పోతుంది. రెండోది నత్త. తీసేసిన ప్రతి కాపీనీ ఓ మూల దాచుకుంటుంది, అచ్చం నీలాగే."

"నత్తే కావాలి."

"డిస్కు నిండిపోతుంది."

"నా డిస్కు, నా ఇష్టం. నువ్వు పని కానీ."

పై గదిలో స్విచ్ వేశారు. అమ్మ ఫొటో ముందు చూసుకోమన్నాడు బావ. వాడి కుర్చీలో కూర్చోలేను, కిందకి వచ్చాక చూస్తానంది. కొత్త తేదీ ఉన్నదే నిలవాలని రూలు పెట్టి, బావ బటన్ నొక్కాడు. తెర మీద చిన్న చిన్న ముఖాలు బారులు తీరాయి.

ముందు అక్కే చూసింది. ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్న పిల్ల మూసుకుంది. ఆ తర్వాత వరసంతా, ఎవరో ఒక్కో గదిలో లైటు ఆర్పుకుంటూ పోతున్నట్టు.

"బావా, వీళ్ళు నిద్రపోతున్నారు."

బావ కేబుల్ పీకేశాడు. తెర మూల తేదీ చూశాడు. నాలుగేళ్ళ కిందటిది. దిద్దే సాఫ్ట్‌వేరు ట్రయల్ గడువు అయిపోకుండా తమ్ముడు తేదీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. దాంతో అతను దిద్దినవన్నీ పాతవైపోయాయి, కింద ఉన్న దిద్దనివి కొత్తవయ్యాయి. పైగా పేరు మార్చకుండా సేవ్ చేసే అలవాటు.

"వెధవ తెలివి," అన్నాడు బావ.

అమ్మ ఫైలు వరసలో మొదటిది. తెరిచారు. కళ్ళు మూసుకునే ఉంది.

"నీ నత్త ఏం దాచిందో చూద్దాం," అని బావ ఆ మూల వెతికాడు. ఉంది. అక్క దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని కిందకి దిగి, తన కుర్చీలో కూర్చుని తెరిచింది.

అమ్మ చూస్తోంది. ఎడమ రెప్ప కింద చిన్న గాటు. అది అమ్మకి ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు తమ్ముడు విసిరిన పలక తగిలి అక్కకి పడింది. ఎవరి అతుకునీ కనపడనివ్వనివాడు, ఆ ఒక్క గాటుని మాత్రం చెరపకుండా వదిలేశాడు.

బావ తేదీ రూలు తీసేసి కేబుల్ మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు మూడు కంప్యూటర్లలోనూ అమ్మలు ఇద్దరున్నారు. ఏది ఉంచాలని సాఫ్ట్‌వేరు రోజూ అడుగుతుంది. అక్క రోజూ "తర్వాత" నొక్కి, వేరేవాళ్ళ ముఖాలు దిద్దుకుంటుంది.